కొండ ఒకటే, తడి మాత్రం రెండు రకాలు ఎందుకు?

సీతంపేట ఏజెన్సీలో తీసిన ఈ వీడియోలో ఒకే కొండని రెండు వైపులా చూపించాను. ఉత్తరం వాలులో ఉలవ పచ్చగా ఉంది, దక్షిణం వాలులో వాడిపోయింది. విత్తనం ఒకటే, జీవామృతం ఒకటే, వేసిన రోజూ ఒకటే. మరి తేడా ఎక్కడ?

దీనికి జవాబు కోసం ఒకసారి హిమాలయాలకి వెళ్లి వద్దాం. మనకి మంచు అంటే తెల్లారగట్ల పట్టి పొద్దెక్కితే పోయేది. అక్కడిది కొండనే అంటుకుని ఉంటుంది. ఏ ఎత్తు దాటితే వేసవిలో కూడా కరగకుండా మిగులుతుందో దాన్ని మంచురేఖ అంటారు. ఆ రేఖ కొండ చుట్టూ ఒకే ఎత్తులో ఉండదు. ఒకే లోయలో దక్షిణానికి తిరిగిన వాలు మీద పైకి జరుగుతుంది, ఉత్తరం వాలు మీద కిందికి దిగుతుంది. కారణం ఎండ.

అయితే హిమాలయాలని మొత్తంగా చూస్తే లెక్క తిరగబడుతుంది. ఎండ ఎక్కువ తగిలే మన దేశం వైపే మంచురేఖ కిందుంటుంది, టిబెట్ వైపు ఇంకా పైకి పోతుంది. ఎందుకంటే ఋతుపవనాల తేమ చాలావరకు ఇటువైపే మంచుగా పడిపోతుంది, అటు పొడిగాలే మిగులుతుంది. కాబట్టి ఎంత పోతోందన్నదే కాదు, ఎంత పడిందన్నది కూడా చూడాలి.

ఇప్పుడు మన కొండకి వద్దాం. మంచు బదులు నేలలో తడి అనుకోండి. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 20 డిగ్రీల వాలున్న పొలం దక్షిణానికి తిరిగి ఉంటే ఆ వేళ పడే నేరుటెండ, ఉత్తరానికి తిరిగిన పొలం మీద పడేదానికి దాదాపు రెట్టింపు. జూన్‌లో ఈ తేడా దాదాపు ఉండదు, సూర్యుడు నడినెత్తి మీదే ఉంటాడు. అంటే ఉలవ, కంది మిగిలిన తడి మీద బతికే నెలల్లోనే ఈ దెబ్బ తగులుతుంది. పడమటి వాలు కూడా తక్కువదేం కాదు. తూర్పు వాలు మీద పొద్దుటి ఎండలో కొంత మంచు ఆర్పడానికే సరిపోతుంది, పడమట మాత్రం గాలి వేడెక్కి పొడిబారాక ఎండ తగులుతుంది.

నేను చేసిన తప్పు, రెండు వైపులా ఒకే మందాన ఆచ్ఛాదన వేయడం. పక్క పొలం పెద్దమ్మ చూసి నవ్వింది. “సలికాలం సూరీడు అటేపు నుంచే ఎల్తాడు కద బాబూ, గడ్డంతా ఇటేపు ఎందుకేసినావు?” అంది. డిగ్రీలు లెక్కగట్టిన నాకు అది తట్టలేదు!

అప్పట్నుంచి గడ్డి, ఆకులు చాలకపోతే ముందు దక్షిణం, పడమర వాలులకే వేస్తున్నాను, అదీ చివరి వానల తడి ఆరకముందే. అక్కడ ఉలవ కూడా కాస్త ముందే చల్లుతాను. పసుపు, అల్లం ఉత్తరం వైపుకి మార్చేశాను.

మీ పొలం సంగతి తేల్చుకోవాలంటే డిసెంబరులో ఒకే రోజు రెండు వాలుల్లోనూ జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో నొక్కి చూడండి. ఉండ కట్టిందా, రాలిపోయిందా? ఒక్కోసారి దక్షిణం వైపే తడి ఎక్కువ కనిపించొచ్చు. అక్కడ మట్టి లోతుగా ఉన్నా, అల్పపీడనం వాన ఆ వాలుకే ఎదురుగా కొట్టినా అలా జరుగుతుంది. అప్పుడు మీ చేతిలోని మట్టినే నమ్మండి, నా లెక్కని కాదు.