తీయదగ్గ ఇనుము, తీయరాని ఇనుము

1963 మోడల్ పాంటియాక్ కాటలీనా చూడ్డానికి పిల్లాపాపలతో షికారుకెళ్లే పెద్ద అమెరికన్ కారు. పొడవూ వెడల్పూ బరువూ అన్నీ ఎక్కువే. ఆ ఏడాది కంపెనీ కట్టిన వాటిలో ఓ 14 కార్లు మాత్రం వేరు. జాకీ పెట్టి లేపి కిందికి తొంగిచూస్తే, కారంతటినీ మోసే ఛాసిస్ రెయిళ్లకు వరసగా గుండ్రటి కన్నాలు కనిపిస్తాయి. వందకు పైనే. నాలుగు వైపులా మూసి ఉండాల్సిన రెయిలుకు ఒక వైపు రేకు కోసేసి, మిగిలినదానికి డ్రిల్లింగ్ చేశారు. ఇది ఏ మూల షెడ్డులోనో కుర్రాళ్లు చేసిన పని కాదు, సాక్షాత్తూ తయారీ కంపెనీ చేసింది. బానెట్, ఫెండర్లు, బంపర్లు అల్యూమినియంతో చేసి, దాదాపు 6.9 లీటర్ల వీ8 ఇంజిన్ బిగించింది. కన్నాలుండే జున్ను పేరు మీద వీటికి ‘స్విస్ చీజ్’ కాటలీనాలన్న పేరు స్థిరపడింది.

ఇంత తెగింపు డ్రాగ్ రేసు కోసం. అక్కడ కారు పరుగెత్తేది పావు మైలు, అంటే 402 మీటర్లు. మలుపుల్లేవు, గుంతల్లేవు. ముక్కుసూటిగా పోయి ఆగిపోవడమే. ఆ కాస్త దూరానికి ఛాసిస్ నిలబడితే చాలు, పదేళ్లు మన్నాలన్న పట్టింపు లేదు. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం పాంటియాక్ సహా తన విభాగాలన్నిటినీ రేసుల నుంచి తప్పుకోమని ఆదేశించడంతో ఆ ముచ్చట 14 కార్లతోనే ముగిసింది. వాటిలో మిగిలినవి ఇప్పుడు వేలంలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి. తీసేసిన ఇనుముకు ఇంత ధర పలకడం విచిత్రమే.

వేగం కావాలంటే పెద్ద ఇంజిన్ పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఇంజిన్ శక్తి కారును ముందుకు తోయడానికే పనికొస్తుంది. బరువు తగ్గితే మాత్రం లాభం అన్ని చోట్లా కనిపిస్తుంది. అదే వేగంతో పోయే కారు పది శాతం తేలికైతే, ఆపేటప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తీ పది శాతం తగ్గుతుంది. మలుపులో టైర్ల మీద పడే భారం తగ్గుతుంది, అవి ఎక్కువసేపు మన్నుతాయి. రేసు జట్లు గ్రాముల లెక్కన కొట్టుకునేది ఇందుకే.

మొదట్లో పని సులువు. స్టెప్నీ, వెనక సీట్లు, కార్పెట్లు, ఏసీ, చప్పుడు వినిపించకుండా అతికించే తారు షీట్లు. ఇవన్నీ కారులో కూర్చుని ప్రయాణించే సరుకే తప్ప కారును మోసేవి కావు. వాటిని పీకేస్తే సుఖం పోతుంది, బలం పోదు. అవి అయిపోయాక చూపు రేకుల మీద పడుతుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఈనాటి కార్లలో చాలావాటికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, పైకప్పు, తలుపుల మధ్య స్తంభాలు, తలుపుల కింద పొడవునా సాగే గట్లు అన్నీ వెల్డింగుతో కలిసి ఒకే డొల్లగా భారం మోస్తాయి. అతికించిన ముందు అద్దానికి కూడా అందులో వాటా ఉంది. ఈ ఏర్పాటు బలం రేకు మందంలో కన్నా, మూసి ఉన్న ఆకారంలో ఎక్కువగా ఉంటుంది. మూత తీసిన బూట్ల అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెడితే ఇట్టే మెలి తిరుగుతుంది. మూత పెట్టి టేపు వేస్తే అదే అట్ట మొండికేస్తుంది.

దీనికి లెక్క కూడా ఉంది. 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 3 మిల్లీమీటర్ల రేకు తీసుకుందాం. దాన్ని నిలువునా ఒక్క గీత మేర చీల్చి వదిలేస్తే బరువు తగ్గనే తగ్గదు. మెలిపెట్టే బలానికి ఎదురు నిలిచే గట్టితనం మాత్రం సుమారు 800వ వంతుకు పడిపోతుంది. పాంటియాక్ కంపెనీ రెయిలుకు ఒక పక్క మొత్తం కోసేసింది. ఆ కారును ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడమే మంచిదైంది.

మలుపులో కారు బాడీయే మెలి తిరిగితే స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు ఎంత ఖరీదైనవైనా వాటి పని అవి చేయలేవు. అంటే తప్పుడు చోట ఇనుము తీస్తే కారు తేలికవుతుంది కానీ, ల్యాప్ సమయం పెరుగుతుంది. పైకప్పు కోసి టాప్‌లెస్ చేసిన కార్లు మామూలు కార్ల కన్నా బరువుగా ఉండటంలో కిటుకు ఇదే. కప్పు పోయిన లోటు తీర్చడానికి కింద అదనపు ఇనుము వేయాలి.

ఈ విద్యలో ఆరితేరినవాడు ఇంగ్లండుకు చెందిన కాలిన్ చాప్‌మన్. లోటస్ కంపెనీ పెట్టక ముందు ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజినీరింగ్ చదివాడు. భారం ఎక్కడ పుట్టి ఎటు పోయి నేలకు చేరుతుందో గీత గీసి చూపగల చదువు అది. 1962లో వచ్చిన లోటస్ 25తో ఆయన గొట్టాల చట్రాన్ని పక్కనపెట్టి, అల్యూమినియం రేకుల డొల్లను ఫార్ములా వన్‌లోకి తెచ్చాడు. అంతకు ముందరి లోటస్ చట్రంతో పోలిస్తే ఈ డొల్ల బరువు సగం, గట్టితనం మూడు రెట్లు. మరుసటి ఏడు జిమ్ క్లార్క్ దాంతోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

1967లో చాప్‌మన్ ఇంకో అడుగు వేశాడు. లోటస్ 49లో డ్రైవర్ వీపు వెనక చట్రమే లేదు. డొల్ల అక్కడితో ఆగిపోతుంది. దానికి కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్‌ను నేరుగా బోల్టులతో బిగించారు. వెనక చక్రాల సస్పెన్షన్‌ను ఇంజినుకూ గేర్‌బాక్సుకూ తగిలించారు. ఇంజిన్ ఎలాగూ దళసరి లోహపు ముద్దే కదా, దాన్ని మోయడానికి మళ్లీ ఇంకో చట్రం ఎందుకు? నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో పాల్గొన్న మొదటి రేసే ఆ కారు గెలిచింది. ఆ ఇంజిన్ ఆ తర్వాత మొత్తం 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. కన్నాలు పొడవడానికీ, ఒక భాగం పనిని ఇంకో భాగానికి అప్పజెప్పి మొదటిదాన్ని అసలు లేకుండా చేయడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

అదే చాప్‌మన్ గీత దాటిన సందర్భాలూ ఉన్నాయి. 1969లో బార్సిలోనా మాంజుయిక్ ట్రాక్ మీద లోటస్ కార్ల వెనక ఎత్తయిన సన్నటి కాళ్లపై నిలబెట్టిన రెక్కలు విరిగాయి. మొదట గ్రాహమ్ హిల్, తర్వాత అదే చోట యోహెన్ రింట్ ప్రమాదంలో పడ్డారు. రింట్‌కు దవడ విరిగింది. కోలుకుంటూ ఆయన చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు. బలహీనమైన భాగాలను గట్టిపరచడానికి ఇంకొన్ని పౌండ్ల బరువు వేసినా ఈ కారు పోటీలో నిలుస్తుందన్నది అందులో సారాంశం. 1970 సెప్టెంబరు 5న మోన్జాలో ప్రాక్టీసు చేస్తుండగా ఆయన నడిపే లోటస్ 72లో ముందు కుడి బ్రేకు షాఫ్టు విరిగింది. కారు పక్కనున్న కంచెలోకి దూసుకెళ్లింది, రింట్ చనిపోయాడు. ప్రమాదానికి మూలం షాఫ్టు అనీ, ప్రాణం పోవడానికి కారణం సరిగా బిగించని కంచె అనీ ఇటలీలో జరిగిన విచారణ తేల్చింది. అప్పటికే కూడబెట్టిన పాయింట్లను ఎవరూ దాటలేకపోవడంతో ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ మరణానంతరం ఆయనకే దక్కింది.

జర్మనీలో పోర్షే వాళ్లదీ ఇలాంటి పిచ్చే. కానీ ఒళ్లు దగ్గర పెట్టుకున్న పిచ్చి. 1969 నాటి 917 రేసు కారు అల్యూమినియం గొట్టాల చట్రం బరువు కేవలం 42 కిలోలు. గంటకు 300 కిలోమీటర్లు దాటే కారుకు అది వెన్నెముక. అతుకులు ఎక్కడ బీటలు వేస్తాయో కంటికి కనపడదు కాబట్టి, ఇంజినీర్లు గొట్టాల్లో గ్యాస్ నింపి పీడనం మీద ఉంచారు. ఎక్కడైనా పగులు పడితే పీడనం తగ్గి బయటపడుతుంది. 1971లో ఇంకా సాహసించి చట్రాన్ని మెగ్నీషియంతో చేశారు. నిప్పంటుకుంటే ఆర్పడం కష్టమైన లోహం అది. ఆ కారులోనే హెల్ముట్ మార్కో, గైస్ వాన్ లెనెప్ ఆ ఏటి లే మాన్స్ 24 గంటల రేసు గెలిచారు. వాళ్లు పరుగెత్తిన 5,335 కిలోమీటర్ల రికార్డు 2010 వరకూ చెక్కుచెదరలేదు.

తేలిక, బలం రెండూ ఒకేసారి కావాలన్న కోరిక కార్బన్ ఫైబర్‌తో తీరింది. 1981లో జాన్ బర్నార్డ్ రూపొందించిన మెక్‌లారెన్ ఎంపీ4/1 ఫార్ములా వన్‌లో తొలి కార్బన్ డొల్ల. పెళుసుగా ముక్కలైపోతుందని చాలామంది అనుమానించారు. అదే ఏడాది మోన్జాలో జాన్ వాట్సన్ కారు కంచెను గుద్దుకుని, ఇంజిన్ ఊడి దూరంగా పడింది. వాట్సన్ మాత్రం లేచి నడుచుకుంటూ వచ్చాడు. అనుమానాలు అక్కడితో సగం సద్దుమణిగాయి. ముప్పై ఏళ్ల తర్వాత అదే సంస్థ 12సీ స్పైడర్ అనే టాప్‌లెస్ కారు అమ్మినప్పుడు అదనంగా పడిన బరువు 40 కిలోలే. అదీ కప్పు మడిచే యంత్రాంగం బరువే. డొల్లకు కప్పు అండ అవసరం లేదు మరి.

హైదరాబాద్ వాళ్లు ఈ ‘తీసేయడం’ వ్యవహారాన్ని దగ్గర నుంచే చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ విద్యుత్ రేసు కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటారే జనరేటరుగా మారి కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపుతుంది. డ్రైవరుతో కలిపి 840 కిలోలు, పాత తరం కన్నా 60 కిలోలు తక్కువ. మరి బ్యాటరీ వ్యవస్థే ఠక్కున ఆగిపోతే? పరీక్షల సమయంలో ఈ ప్రశ్న గట్టిగానే లేచింది. చివరికి అత్యవసర బ్రేకు ఏర్పాటు అదనంగా చేర్చాల్సి వచ్చింది.

రోడ్డు మీద తిరిగే కార్లలో ఈ విద్యను నేర్పుగా వాడినవీ ఉన్నాయి. 1995 నాటి హోండా ఇంటెగ్రా టైప్ ఆర్‌లో చప్పుడు ఆపే షీట్లు తగ్గించారు, జపాన్‌లో అమ్మిన వాటికి ముందు అద్దాన్నీ పల్చన చేశారు. బాడీకి మాత్రం అదనంగా బలం చేర్చారు. 2003 బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్ డిక్కీలో నేల పలక తేనెపట్టు అల్లికతో చేసిన అట్ట. కప్పును కార్బన్ ఫైబరుతో చేయడం వల్ల తగ్గింది ఆరేడు కిలోలే అయినా, అవి కారు నెత్తిన ఉన్న కిలోలు కాబట్టి మలుపుల్లో లెక్కకొచ్చాయి. మొత్తం మీద 110 కిలోలు తగ్గింది.

ఇవన్నీ చూసి సొంత కారుకు గ్రైండర్ పట్టేవాళ్ల కన్ను మొదట పడేది బంపర్ వెనకున్న లోహపు బీమ్ మీద, తలుపుల్లో దాగిన గట్టి కడ్డీల మీద. పైకి కనపడవు, రోజూ ఏ పనీ చేస్తున్నట్టు ఉండవు, తీస్తే కొన్ని కిలోలు కలిసొస్తాయి. వాటి పని ప్రమాదం జరిగిన ఆ క్షణంలోనే మొదలవుతుంది. బంపర్ బీమ్ దెబ్బను రెండు వైపుల రెయిళ్లకూ పంచుతుంది. తలుపు కడ్డీ పక్క నుంచి వచ్చే వాహనాన్ని మనిషి దాకా రానివ్వదు. రేసు కారులో వాటి స్థానంలో ఉక్కు గొట్టాల రోల్ కేజ్, డ్రైవరుకు హెల్మెట్, బెల్టులు ఉంటాయి. రోల్ కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపితే చిన్న ప్రమాదంలోనూ తల ఆ గొట్టానికే తగిలే ముప్పుంది.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖరారు చేసింది. రంగు మార్చుకోవడం, చిన్నాచితకా అమరికలు వేరు సంగతి. ఇక కావాలని కాకుండా, ప్రమాదం తర్వాత టింకరింగ్ పనిలో ఖర్చు మిగుల్చుకోవడానికి వంగిన బీమ్ తీసేసి, కొత్తది వేయకుండా పైన మెరిసే ప్లాస్టిక్ బంపర్ బిగించి పంపే షెడ్లూ లేకపోలేదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు వినడంతో పాటు, నమ్మకమైన మెకానిక్ చేత ముందూ వెనకా బంపర్లు విప్పించి ఆ బీమ్ అక్కడ ఉందో లేదో చూసుకోవడం మంచిది.