కెర్రీ కొండల చద్దిమూట

ఆగస్టు 10. ఐర్లండ్ నైరుతి మూల, కెర్రీ కౌంటీలో కిలోర్గ్లిన్ అనే చిన్న ఊరు. కొండల్లోంచి పట్టి తెచ్చిన అడవి మేకపోతుకు ఊరి నడిబొడ్డున ఓ చిన్నమ్మాయి కిరీటం పెడుతుంది. జాతర జరిగే మూడు రోజులకూ ఆ అమ్మాయే రాణి, మేకపోతే రాజు. పక్ ఫెయిర్ అని పిలిచే ఈ జాతరకు 1613లో మొదటి జేమ్స్ రాజు ఇచ్చిన రాజపత్రం ఉంది. గుర్రాల సంత, పశువుల బేరాలు, రాత్రి తెల్లవార్లూ పాటలు. జాతరన్నాక తిండి ఉండాలి కదా! మన జాతరలో మిరపకాయ బజ్జీలు, జీళ్లు ఎలాగో, ఒకప్పుడు ఈ జాతరలో మటన్ పైలు అలాగ.

అవే పైలు కొండెక్కేవి కూడా. కెర్రీలో ఐర్లండ్‌కంతటికీ ఎత్తయిన కొండ కారన్‌టూహిల్ ఉంది, 1,038 మీటర్లు. ఆ చుట్టుపక్కల కొండల మీదికి పొద్దున్నే మందను తోలుకుపోయే కాపరి సాయంత్రం దాకా దిగిరాడు. పొయ్యి రాజేసుకునే వీలుండదు, విస్తరి పరిచే చోటుండదు, చినుకు ఎప్పుడు పడుతుందో తెలీదు. చేత్తో పట్టుకుని నిలబడే తినేయగల భోజనం కావాలి. లోపల మాంసం, ఉల్లి, క్యారెట్. బయట గట్టి గోధుమపిండి గోడ. గిన్నె అదే, అన్నమూ అదే. సముద్రం ఒడ్డున ఉన్న డింగిల్ ఊరి పేరు మీద దీన్ని డింగిల్ పై అంటారు.

మన పొలం గట్టు మీద విప్పే చద్దిమూట ఏ అవసరంలోంచి పుట్టిందో ఇదీ అందులోంచే పుట్టింది. అందుకే నాకీ వంటంటే ఇంత ఇష్టం. దీన్ని ఓ విదేశీ ఫ్యాన్సీ తినుబండారంగా కాకుండా, కష్టజీవి మూటగా చూసి వండితేనే రుచి కుదురుతుంది.

వేడి నీళ్లలో ఉంది కిటుకు

పై అనగానే మనకు బేకరీ పఫ్ గుర్తొస్తుంది. పొరలు పొరలుగా విడిపోయి, ఒళ్లో పొట్టు రాలే పఫ్. అది చేయాలంటే వెన్న చల్లగా ఉండాలి, పిండి చల్లగా ఉండాలి, చేతులూ చల్లగా ఉండాలి. మొదటిసారి ఈ పైలు చేయబోయినప్పుడు నేనూ ఆ దారిలోనే వెళ్లాను. అది మే నెల. వంటగదిలో ఫ్యాను కింద కూడా చెమటలు కారుతున్నాయి. పిండిలో కలిపిన వెన్న రెండు నిమిషాల్లో కరిగింది, వత్తిన అప్పడం పీటకు అతుక్కుపోయింది, ఓవెన్‌లో పెట్టాక నెయ్యంతా ట్రేలోకి దిగిపోయింది. తీసి చూస్తే బిస్కెట్టూ కాదు, పూరీ కాదు.

తర్వాత తెలిసింది, కెర్రీ కొండల పైకి చల్లటి వెన్నతో పనే లేదని. అసలు పద్ధతి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నీళ్లు, కొవ్వు కలిపి మరిగించి, ఆ మరుగుతున్నదాన్నే పిండిలో పోస్తారు. పాతకాలంలో గొర్రె కొవ్వు వాడేవారు, ఇప్పుడు వెన్న. మండే ఎండాకాలంలో, ఏసీ లేని వంటింట్లో కూడా కుదిరే పిండి ఇది. మన వాతావరణానికి ఇంతకంటే అనువైన పై పిండి ఇంకోటి లేదని నేను గట్టిగా చెప్పగలను.

కొలతలు చూద్దాం. మైదా 350 గ్రాములు, వెన్న 175 గ్రాములు, నీళ్లు 120 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు. ఎనిమిది పైలవుతాయి. ప్యాకెట్ వెన్నలో ఉప్పుంటే వేరే ఉప్పు వేయొద్దు. ఇంట్లో చిలికిన వెన్నలో నీటిపాలు ఎక్కువ, అది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అది వాడే బదులు నెయ్యి తీసుకోండి, 140 గ్రాములు సరిపోతుంది. ప్యాకెట్ వెన్నలో కొవ్వు 80 శాతమే కాబట్టి ఈ లెక్క.

వెన్నను ముక్కలు చేసి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. వెన్న కరిగి, నీళ్లు తెర్లడం మొదలవగానే దించి, మైదా మధ్యలో గుంట చేసి ఒక్కసారిగా పోయండి. ముందు చెక్క గరిటెతో కలపండి, చేయి పెట్టొద్దు. ఇక్కడే చాలామంది భయపడతారు. పిండి మెత్తగా, జారుడుగా, నూనె కక్కుతూ కనిపిస్తుంది. మైదా ఇంకో గుప్పెడు వేయాలనిపిస్తుంది. వేయొద్దు. నా పక్కన నిలబడి చూస్తున్న మా అత్తయ్య ఆరోజు అదే అంది: "ఆగమ్మా, చేయి పట్టేంత ఆరనీ. కుడుముల పిండి వేడి మీద పిసికితే ఏమవుతుందో తెలీదూ?" ఆవిడ ఐర్లండ్ పేరు విన్నదే ఆరోజు, కానీ పిండి సంగతి ఆవిడకు ఎప్పుడో తెలుసు. పావుగంట ఆరాక అదే పిండి బంకమన్నులా మారి, చెప్పిన మాట వినడం మొదలుపెట్టింది.

ఎందుకిలా జరుగుతుందంటే, మరిగే నీళ్లు తగలగానే మైదాలోని గంజి ఉబ్బి నీటిని పట్టుకుంటుంది. కరిగిన వెన్న పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి, సాగే గుణం పెరగకుండా ఆపుతుంది. చల్లారేకొద్దీ వెన్న గట్టిపడి పిండికి బిగువొస్తుంది. అందుకే వత్తితే వెనక్కి ముడుచుకోదు, లోపలి పులుసుకు తడిసి చిరగదు, చేత్తో పట్టుకుంటే విరగదు. కొండెక్కాల్సిన తిండికి కావాల్సింది ఆ గట్టిదనమే. పఫ్ పొరల మెత్తదనం ఇక్కడ ఆశించకండి. ఇది కరకరలాడే గోడ.

మరీ చల్లారనిస్తే మాత్రం వత్తేటప్పుడు అంచులు పగుళ్లిస్తాయి. గోరువెచ్చగా ఉండగానే ఎనిమిది ఉండలు చేసి, మీద తడిగుడ్డ కప్పండి.

జీలకర్ర ఉందక్కడ!

కార్క్ కౌంటీ తూర్పున షానగారీలో బాలీమలూ అనే పాత ఇల్లుంది. 1964లో మర్టిల్ అలెన్ అనే గృహిణి ఆ ఇంట్లోనే భోజనశాల తెరిచింది. చుట్టుపక్కల పొలాల్లో ఏది పండితే అదే వడ్డించింది. 1975లో ఆమె వంటకు మిషెలిన్ స్టార్ వచ్చింది, ఐర్లండ్‌లో ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. ఆ కుటుంబమే 1983 నుంచి వంటబడి నడుపుతోంది. వాళ్లు నేర్పే డింగిల్ పైలో మాంసం, ఉల్లి, క్యారెట్‌తో పాటు రెండు చెంచాల జీలకర్ర పడుతుంది. పెనం మీద దోరగా వేయించి, దంచి మరీ! నేను మొదటిసారి ఆ సంగతి చదివి కుర్చీలోంచి లేచి పోపులపెట్టె దగ్గరికి వెళ్లాను.

మాంసం విషయంలో మనం ఇంకా అదృష్టవంతులం. ఈ పైకి కావాల్సింది గొర్రె మాంసం, మనూళ్లలో పొట్టేలు దొరుకుతుంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. కాబట్టి ఇక్కడ దేనికీ ప్రత్యామ్నాయం వెతకక్కర్లేదు. ముందుకాలు, భుజం దగ్గరి మాంసం 300 గ్రాములు అడగండి. కీమా కొట్టించొద్దు, శనగగింజంత ముక్కలు చేయించండి. ఎముకలు విడిగా తీసుకోండి, వాటితో ఉల్లిపాయ, మిరియాలు, ఒక క్యారెట్ వేసి పలచటి చారు కాచాలి.

కాస్త కొవ్వు కరిగించి మాంసం ముక్కల్ని ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. అదే గిన్నెలో 150 గ్రాముల ఉల్లి, 150 గ్రాముల క్యారెట్ సన్నగా తరిగి మగ్గించండి. దంచిన జీలకర్ర, ఒక చెంచాడు మైదా చల్లి, 200 మిల్లీలీటర్ల ఎముకల చారు పోసి, మాంసం కలిపి, మూతపెట్టి సన్నసెగ మీద మాంసం మెత్తబడేదాకా ఉడకనివ్వాలి. ముదురు మాంసమైతే ముందే కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చి వేయండి. ఉప్పు, మిరియాలపొడి చివర్లో. ముద్ద గరిటెకు అంటుకుని నిలిచేంత దగ్గరపడాలి, పూర్తిగా చల్లారాలి. వేడి ముద్ద పెడితే ఆవిరికి పిండి నానిపోతుంది.

ఇక్కడ ఒక మాట. గరం మసాలా, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి వేయాలని చేయి పీకుతుంది. మొదటిసారి వద్దు. అవన్నీ వేస్తే అది మంచి సమోసా అవుతుంది, హైదరాబాద్ లుఖ్మీకి చుట్టమవుతుంది, కానీ కెర్రీ పై కాకుండా పోతుంది. మాంసం, ఉల్లి, మిరియం, జీలకర్ర నాలుగూ ఒకదాన్నొకటి తొక్కేయకుండా వినిపించే రుచి అది. ఒక్కసారి దాని మాట దాన్ని చెప్పనివ్వండి. రెండోసారి మీ ఇష్టం.

మాంసం తినని ఇళ్లకు కోల్‌కానన్ ఉంది. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో క్యాబేజీ, ఉల్లికాడలు, వెన్న కలిపి ఐరిష్ ఇళ్లలో అక్టోబరు చివర హాలోవీన్ రాత్రి చేసుకునే కూర అది. దాన్ని నీరు లేకుండా పొడిగా చేసి, కాస్త చీజ్ తురిమి కలిపితే పై లోపల అద్భుతంగా ఉంటుంది. బంగాళాదుంప ఆ దేశానికి కూర మాత్రమే కాదు. 1845లో మొక్కలకు తెగులు పట్టి పంట కుళ్లిపోతే, ఏడేళ్ల కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. దుంప తొక్క తీసేటప్పుడు నాకది గుర్తొస్తుంది.

అమ్మ వేళ్ల మెలిక

అసలు డింగిల్ పై గుండ్రంగా, పైన మూతతో ఉంటుంది. చేతిలో పట్టేందుకు అర్ధచంద్రంలా మడవడమే తేలిక. ఉండను జొన్నరొట్టె కంటే చిన్నగా, పూరీ కంటే మందంగా వత్తండి. సగం మీద రెండు మూడు చెంచాల ముద్ద పెట్టి, అంచుకు వేలెడు ఖాళీ వదిలి, తడిచేసి మడవండి. ఇక అంచు. కజ్జికాయల అచ్చులు రాకముందు మన అమ్మలు బొటనవేలితో నొక్కి, చూపుడువేలితో మడిచి, తాడులా మెలిక తిప్పేవారు. సరిగ్గా అదే మెలిక ఇక్కడా. కజ్జికాయ చేయగల చేతికి ఈ పైలో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

పైన చాకుతో చిన్న గాటు పెట్టి, గిలకొట్టిన గుడ్డు పూసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. గుడ్డు తినని వాళ్లు పాలు పూయొచ్చు.

ఓవెన్ లేదా? కెర్రీ పల్లెల్లోనూ ఉండేది కాదు. మూడు కాళ్ల ఇనుప కుండను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా కణకణలాడే టర్ఫ్ (ఎండబెట్టిన పీట్ మట్టి) నిప్పులు పోసి రొట్టెలు, పైలు కాల్చేవారు. బాస్టిబుల్ అంటారా కుండను. మన ఇళ్లలో ఇసుక పోసిన కుక్కర్‌లో కేకు చేసుకున్న రోజులు గుర్తున్నాయిగా. అదే దారి. మందపాటి గిన్నెలో రెండంగుళాల ఇసుక, పైన స్టాండు, ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి పళ్లెంలో పైలు పెట్టి మూతేయండి. కుక్కరైతే గాస్కెట్, విజిల్ తీసేయాలి. ముప్పావుగంట పడుతుంది. పైభాగం తెల్లగా ఉంటే చివర్లో వేడి పెనం మీద బోర్లించి ఒక్క నిమిషం ఉంచండి.

గని నుంచి గనికి

చేతి పై ఎంత దూరం నడిచిందో చెప్పకుండా ఉండలేను. కెర్రీకి దక్షిణంగా బేరా ద్వీపకల్పంలో ఆలిహీస్ అనే ఊళ్లో 1812లో రాగి గనులు తెరిచారు. పని తెలిసినవాళ్లు కావాలని సముద్రం అవతలి కార్న్‌వాల్ నుంచి గని కార్మికుల్ని రప్పించారు. కార్న్‌వాల్ కార్మికుడి మధ్యాహ్న భోజనం పాస్టీ: మాంసం, దుంప పచ్చివే పెట్టి మడిచి కాల్చే అర్ధచంద్రం. వాళ్లకోసం 1845లో కట్టిన ప్రార్థనాలయమే ఇప్పుడు గనుల మ్యూజియం. 1880ల్లో ఆ గనులు మూతపడ్డాక బేరా యువకులు అమెరికా వెళ్లి, మోంటానాలోని బ్యూట్ రాగి గనుల్లో దిగారు. అక్కడ రాగి సామ్రాజ్యం కట్టిన మార్కస్ డేలీ కూడా ఐర్లండ్‌లో పుట్టినవాడే. బ్యూట్‌కూ కార్న్‌వాల్ కుటుంబాలు పాస్టీని తెచ్చాయి, ఐరిష్ వాళ్లు దాన్ని తమదే చేసుకున్నారు. ఆ ఊళ్లో ఇవాళ్టికీ గ్రేవీ పోసి పాస్టీ అమ్ముతారు.

డింగిల్ వాళ్లు కూడా పై మీద వేడి ఎముకల చారు పోసుకుంటారు. చేపల వేట నుంచి తడిసి వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి! మీరు కాచిన చారు మిగిలి ఉంటే పారబోయకండి.

ఈ ఆదివారం ఎనిమిది చేయండి. నాలుగు వేడివేడిగా, చారు గిన్నెలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ తినండి. మిగతా నాలుగు ఆరాక ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం పొద్దున 180 డిగ్రీల దగ్గర పావుగంట వేడిచేసి, కాగితంలో చుట్టి ఆఫీసుకో, పొలానికో వెళ్లేవాళ్ల చేతిలో పెట్టండి.