గుంతలో మొసలి

ఏలినవారిని నిలదీయడానికి గోడల మీద రాయడం మనవాళ్ళకు కొత్త కాదు. గేరు రంగు, ఒక కుంచె, రెండు ముక్కల నినాదం ఉంటే చాలు. మైసూరులోని చామరాజేంద్ర అకాడమీలో చిత్రకళ నేర్చుకున్న బాదల్ నంజుండస్వామి మాత్రం గోడ జోలికి పోకుండా, బెంగుళూరు రోడ్లలోని గుంతలనే పట్టుకున్నారు.

2015 జూన్‌లో సుల్తాన్‌పాళ్యలో నీళ్ళ పైపు పగిలి, నడిరోడ్డు మీద సుమారు 12 అడుగుల గొయ్యి పడింది. ఎన్నాళ్ళయినా పూడ్చే దిక్కు లేదు. ఉన్నట్టుండి ఒకరోజు ఆ నీళ్ళలో మొసలి ప్రత్యక్షమయింది! ఫైబరుతో చేసిన బొమ్మే గాని, దారిన పోయేవాళ్ళు ఆగి చూడకుండా ఉండలేకపోయారు. పత్రికలవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకే అధికారులూ కదిలారు. ఆ బొమ్మకు నంజుండస్వామి తన జేబులోంచి పెట్టిన ఖర్చు దాదాపు 6,000 రూపాయలు. రోడ్డు కోసం పన్ను కట్టినవాడే, ఆ రోడ్డు బాగుచెయ్యమని చెప్పడానికి మళ్ళీ డబ్బు పెట్టుకోవాలా అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇది వట్టి నవ్వులాట కాదు. 2017 అక్టోబరులో బెంగుళూరు గుంతల్లో పడి స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నెలలోనే ఆయన ఒక గుంతను నీలి కొలనులా తీర్చిదిద్ది, నటి సోనూ గౌడను అందులో మత్స్యకన్యగా కూర్చోబెట్టారు.

అన్నిటికన్నా పేరు తెచ్చింది 2019 సెప్టెంబరు నాటి వీడియో. చంద్రయాన్-2 చంద్రుడి మీద దిగుతుందని దేశమంతా ఎదురుచూస్తున్న రోజులవి. తెల్లటి వ్యోమగామి దుస్తుల్లో ఒకాయన (నటుడు పూర్ణచంద్ర మైసూరు) గోతుల నేల మీద తేలిపోతున్నట్టు మెల్లగా అడుగులు వేస్తుంటాడు. చంద్రమండలమే అనుకుంటాం. ఇంతలో పక్కనుంచి ఆటో ఒకటి వెళ్ళిపోతుంది! అది మాగడి రోడ్డు వైపు హేరోహళ్ళి దగ్గరి వీధి. ఎవరినీ పేరుపెట్టి తిట్టలేదు, ఒక్క నినాదమూ లేదు. నినాదమైతే ప్రతిపక్షాలవాళ్ళ పని అని తోసెయ్యవచ్చు. ఊరంతా నవ్వుతుంటే ఎవరి మీద తోస్తారు?

బరంపురంలోనో షోలాపూరులోనో ఉన్న మన పాఠకులూ ఆ వీడియో చూసే ఉంటారు, అంతగా తిరిగింది. ఒకటి రెండు రోజుల్లోనే అప్పటి మహానగర పాలికె వాళ్ళు యంత్రాలతో వచ్చి మరమ్మతు మొదలుపెట్టారు, వీడియోలో కనిపించిన ఆ వీధిలోనే.