అరుదైన జీవి పెట్టే షరతులు

ఆట మొదలైనప్పుడు తెర మీద కనిపించేది గట్టిపడిన మట్టి, అక్కడక్కడా విరిగిన సామాను. ఆడేవాళ్ల పని ఆ నేలను పారతో గుల్ల చేయడం, గడ్డి వేయడం, మొక్కలు పెంచడం, కుంట తవ్వడం. 'వివా పిన్యాటా' అనే ఈ వీడియో గేమ్‌ను బ్రిటన్‌లోని రేర్ అనే సంస్థ తయారుచేసింది. 2006లో ఎక్స్‌బాక్స్ 360 మీద విడుదలైంది. మెక్సికోలో వేడుకలప్పుడు పిల్లలు కర్రతో కొట్టి పగలగొట్టే మిఠాయి బొమ్మలను పిన్యాటాలంటారు. రంగు కాగితాలు అతికించిన ఆ బొమ్మలే ఈ ఆటలో ప్రాణమున్న జంతువులు. అరవైకి పైగా రకాలున్నాయి. తోటలోకి కొత్త రకం రావాలంటే వెంటపడి లాభం లేదు. దానికి నచ్చేలా తోటను మార్చాలి.

ఆ రావడం కూడా ఒక్కసారిగా జరగదు. జంతువు మొదట తోట అంచున కనిపిస్తుంది. కొన్ని షరతులు తీరితే లోపలికి వచ్చి తిరుగుతుంది. అప్పటికింకా ఒంటి మీద రంగుండదు, నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. కోరిన తిండి దొరికి, కావలసినవన్నీ అమిరాకనే అక్కడ స్థిరపడుతుంది. అప్పుడే దాని ఒంటినిండా రంగులు పరుచుకుంటాయి. పిల్లల్ని కనాలంటే షరతులు మళ్లీ వేరు. దానికంటూ ఒక ఇల్లు కావాలి, జోడు కావాలి.

షరతులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. పిచ్చుకలాంటి స్పారోమింట్‌కు తిండి వానపాములాంటి వర్ల్మ్. నక్కలాంటి ప్రెట్‌జ్‌టెయిల్‌కు తిండి కుందేలులాంటి బన్నీకోంబ్. నీటి పక్షులు రావాలంటే తోటలో ఇంత వంతు నీరుండాలని లెక్క ఉంటుంది. అరుదైన జంతువు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే. దాని కింద ఆహారపు గొలుసు అంతా ముందే ఏర్పడి ఉండాలి.

ఇదే కోవలో 2014లో జపాన్‌కు చెందిన హిట్‌పాయింట్ సంస్థ 'నెకో అట్సుమే' అనే మొబైల్ ఆటను తెచ్చింది. పెరట్లో తిండి, బొమ్మలు పెట్టి పిల్లుల కోసం ఎదురుచూడడమే ఆట. మామూలు పిల్లులు దేనికైనా వస్తాయి. అరుదైన పిల్లి ఒక్కోదానికి ఒక్కో పట్టింపు. రైలు ఉద్యోగిలా టోపీ పెట్టుకున్న పిల్లి అట్టతో చేసిన రైలు బొమ్మ కోసమే వస్తుంది. ఏది దేనికైనా సరిపెట్టుకుంటుందో, ఏది ఒక్కదాన్నే పట్టుకుని ఉంటుందో అన్నది జీవశాస్త్రంలోనూ ముఖ్యమైన తేడానే. కాకి మొదటి రకం. అరుదైన జీవుల్లో చాలావరకు రెండో రకం.

ఆటలు చూపిస్తున్న ఈ షరతుల జాబితాకు శాస్త్రంలో ఒక పేరుంది: నిచ్. 1957లో జి. ఎవెలిన్ హచిన్సన్ అనే జీవావరణ శాస్త్రవేత్త దీన్ని స్పష్టంగా నిర్వచించాడు. ఉష్ణోగ్రత, తేమ, తిండి పరిమాణం వంటి ఒక్కో అవసరాన్నీ ఒక్కో కొలబద్దగా తీసుకోవాలి. ప్రతిదాని మీదా ఆ జీవి బతకగలిగే కనిష్ఠం, గరిష్ఠం గుర్తించాలి. అన్ని హద్దులూ ఒకేచోట కలిసే జాగాయే దాని నిచ్. తొమ్మిది షరతులు బ్రహ్మాండంగా తీరి పదోది తప్పిందా, ఆ జీవి అక్కడ నిలవదు.

ఈ మాట ఎంత నిజమో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక చరిత్ర చెబుతుంది. ఇంగ్లండ్‌లో ఇది అరుదైపోతున్న కాలంలో, సేకరించేవాళ్లు పట్టుకుపోవడమే కారణమని జనం అనుకున్నారు. కొన్నిచోట్ల కంచెలు వేశారు. ఆ కంచెలు మనుషులతో పాటు పశువులను కూడా ఆపేశాయి. సీతాకోకచిలుకలు మాత్రం తగ్గుతూనే పోయాయి.

1970లలో జెరెమీ థామస్ అనే పరిశోధకుడు వాటి చివరి స్థావరాల్లో ఒకదాని దగ్గర మకాం పెట్టి, గుడ్డు నుంచి రెక్కల దాకా వాటి బతుకునంతా గమనించాడు. తల్లి అడవి థైమ్ మొక్క పూమొగ్గల మీద గుడ్డు పెడుతుంది. గొంగళిపురుగు కొన్నాళ్లు ఆ పూలు తిని నేల మీద పడిపోతుంది. అక్కడ తిరుగుతున్న ఎర్రచీమ దాన్ని తన పిల్ల అనుకుని పుట్టలోకి మోసుకెళ్తుంది. లోపల ఆ పురుగు చీమల పిల్లలనే తింటూ పది నెలల దాకా పెరుగుతుంది. ఎర్రచీమల్లోనూ మిర్మికా సబులెటీ అనే ఒక్క జాతి పుట్టలోనే ఇది బాగా బతుకుతుంది. వేరే జాతి పుట్టలోకి చేరితే చాలావరకు చస్తుంది.

ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. గడ్డి పొట్టిగా ఉంటేనే ఎండ మట్టిని తాకుతుంది. కొద్ది సెంటీమీటర్లు పెరిగినా నేల చల్లబడి ఆ చీమ తప్పుకుంటుంది, వేరే చీమలు వచ్చి చేరతాయి. గడ్డిని పొట్టిగా ఉంచేవి గొర్రెలు, పశువులు, కుందేళ్లు. 1950లలో మిక్సోమటోసిస్ అనే వైరస్ రోగం బ్రిటన్‌లో కుందేళ్లను ఊడ్చిపెట్టేసింది. మేపుడు కూడా తగ్గింది. గడ్డి పెరిగింది, చీమ పోయింది, చీమతో పాటు సీతాకోకచిలుకా పోయింది. 1979లో బ్రిటన్‌లో అది అంతరించింది. థామస్ జాబితా పూర్తి చేసేసరికే ఆలస్యమైపోయింది. కానీ ఆ జాబితా వృథా కాలేదు. నేలను మళ్లీ మేపించి, చీమ తిరిగి వచ్చేలా చేసి, 1980లలో స్వీడన్ నుంచి సీతాకోకచిలుకలను తెచ్చి వదిలారు. ఇవాళ సోమర్‌సెట్ ప్రాంతంలోని కొండవాలుల మీద అవి మళ్లీ ఎగురుతున్నాయి.

కొన్ని జీవుల జాబితాలో తిండి, చోటుతో పాటు తోడు కూడా ఉంటుంది. అమెరికాలోని మెయిన్ తీరంలో ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే చిన్న దీవి నుంచి పఫిన్ పక్షులు వేట వల్ల పంతొమ్మిదో శతాబ్దంలోనే మాయమయ్యాయి. 1973 నుంచి స్టీఫెన్ క్రెస్ అనే పరిశోధకుడు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి పిల్లలను తెచ్చి ఆ దీవి మీద పెంచాడు. పెద్దవై సముద్రంలోకి వెళ్లిన పక్షులు తిరిగి వచ్చినా, దీవి ఖాళీగా కనిపిస్తే దిగడానికి జంకుతాయి. అందుకని ఆయన చెక్కతో చేసి రంగులేసిన పఫిన్ బొమ్మలను రాళ్ల మీద నిలబెట్టాడు. 1981లో అక్కడ పఫిన్‌లు మళ్లీ గూళ్లు పెట్టుకున్నాయి. అంచున కనిపించడం, వచ్చి తిరగడం, స్థిరపడడం, పిల్లల్ని కనడం అని వివా పిన్యాటా ఆట చేసిన విభజన సరైనదేనని ఇక్కడ తెలుస్తుంది. వచ్చి వాలిన పక్షుల సంఖ్య కన్నా గూడు కట్టిన జంటల సంఖ్యకే శాస్త్రవేత్తలు విలువిస్తారు.

జీవి షరతుల జాబితా తెలుసుకోవాలన్న ఈ పాఠం మన దగ్గర అత్యవసరమైనది కలివికోడి విషయంలో. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోవడంతో అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది కాబట్టి దాన్ని చూడడమే కష్టం. అందుకే పంచపాకేశన్ జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక వాటి మీద పడిన కాలిముద్రలు వెతికారు. కలివికోడి పాదానికి మూడు వేళ్లే, అన్నీ ముందుకే. మిగతా పక్షుల ముద్రల నుంచి దాన్ని వేరుచేయడానికి ఆ గుర్తు పనికొస్తుంది. ముద్రలు ఎక్కడ పడ్డాయో, అక్కడ పొదలు ఎంత ఒత్తుగా ఉన్నాయో పోల్చి చూస్తే జాబితాలో ఒక ముఖ్యమైన షరతు బయటపడింది. ఈ పక్షికి చిట్టడవి మరీ దట్టంగా ఉండకూడదు, మరీ పలచబడకూడదు. పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. పొదలు నరికి చదును చేసినా ముప్పే, పొదలు కమ్ముకుపోయినా ముప్పే.

ఆటకూ ప్రకృతికీ ఉన్న అసలు తేడా ఇదే. ఆటలో జాబితా తెర మీద కనిపిస్తుంది, పొరపాటు చేస్తే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ప్రకృతిలో ఆ జాబితాను మోకాళ్ల మీద కూర్చుని ఏళ్ల తరబడి రాసుకోవాలి, పూర్తయ్యే లోపే జీవి పోవచ్చు. ఇంకొక తేడా కూడా ఉంది. ఆటలో ఖాళీ నేల బాగుచేయాల్సిన నేల. రాయలసీమ ముళ్లపొదల నేల మాత్రం ఇప్పటికే ఎవరికో ఇల్లు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి పక్కన పనికిరాని బీడని అందరూ అనే నేల ఉంటే, దాన్ని చదును చేయించే ముందు, మంచి పనే కదా అని దాని నిండా చెట్లు నాటించే ముందు కూడా, అక్కడ ఏమేం బతుకుతున్నాయో తెలిసినవాళ్లను పిలిచి చూపించండి. పశువులు, జీవాలు మేపే కాపరులను అడగండి. అరుదైన జీవిని కాపాడడం దాని షరతులు తెలుసుకోవడంతోనే మొదలవుతుంది.