మీకు తెలుసా? కొండపల్లి బొమ్మలో చింతగింజ, కలంకారి బట్టలో గేదెపాలు

ఏ ఆన్‌లైన్ దుకాణంలోనైనా 'హ్యాండ్‌మేడ్' అని కొట్టి చూడండి. భోగి పిడకల దండ దగ్గర్నుంచి తోలుబొమ్మ ల్యాంపు దాకా, అరచేతిలో పట్టే బొబ్బిలి వీణ నుంచి బిద్రీ చెవిదిద్దుల దాకా వరసపెట్టి వస్తాయి. ఒక్కోదాని కింద పొడవు, వెడల్పు, బరువు, ఎన్ని రోజుల్లో ఇంటికి చేరుతుందో అన్నీ రాసి ఉంటాయి. దేనితో చేశారన్న చోట మాత్రం 'వుడ్', 'మెటల్', 'కాటన్' అని ఒక్క మాటతో సరిపెడతారు. నా లెక్కన అసలు చెప్పాల్సిన సంగతి అక్కడే మొదలవుతుంది. మన చేతిపనివాళ్ల తెలివంతా వంటింట్లోనో పెరట్లోనో కళ్లెదుట పడి ఉండే సరుకుతో మనం ఊహించని పని చేయించడంలో ఉంది.

చింతగింజ చేసే పని

కొండపల్లి అంబారీ ఏనుగును చూస్తే ఒకే కర్రను చెక్కి తీసినట్టు అనిపిస్తుంది. నిజానికి తొండం, చెవులు, మావటి, పైన కూర్చున్న రాజు అన్నీ విడివిడి ముక్కలు. వాటిని అతికించేది మక్కు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. అతుకు కనపడకుండా పూడ్చేదీ అదే, ముక్కూ మూతీ తీరుగా దిద్దడానికి ఆసరా అయ్యేదీ అదే. కర్ర తెల్ల పొణికి. కొండపల్లి చుట్టుపక్కల కొండల్లో పెరిగే మెత్తని, తేలికైన చెక్క. తడి అంతా పోయేదాకా ఆరబెట్టి, ఉలికి అందేలా చేసుకుని చెక్కుతారు. ఆ పైన సుద్ద పూత, అది ఆరాక రంగులు. ఇప్పుడు పొణికి చెట్టు దొరకడమే కష్టమవుతోంది. కొండపల్లిలో బొమ్మల ధర గురించి మాట్లాడితే సంభాషణ చివరికి చెట్టు దగ్గరికే చేరుతుంది.

అదే చింతగింజ తెలంగాణలో చేర్యాల వెళ్లి బట్ట మీదికి ఎక్కింది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు బొమ్మ వేసే ముందు ఖాదీ బట్టకు గంజి, తెల్ల సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పేస్టు, జిగురునీళ్లు కలిపి పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు. అప్పుడు బట్ట బిగిసి రంగును పట్టుకుంటుంది. చేర్యాల మాస్కులనీ, గోడకు తగిలించే ముఖాలనీ ఆన్‌లైన్లో అమ్మేవి కూడా ఈ కోవలోవే. కొబ్బరిచిప్ప మీదో రంపపు పొట్టు ముద్దతోనో ముఖం తీర్చి, రంగులేస్తారు.

గోడకు పెట్టుకునే చిన్న చేర్యాల పటం కొన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ పటాలు గోడకోసం పుట్టలేదు. నలభై అడుగులు దాటే చుట్టలుగా ఉండేవి. కథకులు ఊరూరా తిరిగి, రాత్రిపూట చుట్ట విప్పుతూ ఒక్కో కులానికి ఆ కులపురాణం చెప్పేవాళ్లు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం, గౌడజెట్టీలు గౌడులకు గౌడపురాణం, కాకి పడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ. చుట్ట పాతబడి చిరిగితే పారెయ్యకుండా, మనిషికి చేసినట్టే క్రియలు జరిపి నదిలో వదిలేవాళ్లు. ఆ చుట్టలోంచి ఒక్క బొమ్మ విడివడి, ఫ్రేము కట్టించుకుని, ఇప్పుడు మన డ్రాయింగ్ రూముల్లోకి వస్తోంది. రావడం మంచిదే. ఎక్కడి నుంచి విడివడిందో తెలిస్తే ఇంకా మంచిది.

నలుపు ఎక్కడిది, ఎరుపు ఎక్కడిది?

కలంకారి మీద నాకు పక్షపాతం ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

శ్రీకాళహస్తి కలంకారిలో నల్లరంగు ఇనుపతుక్కు, బెల్లం, నీళ్లతో తయారవుతుంది. కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రవం పేరు కసిం. చూడ్డానికి పెద్ద నల్లగా కూడా ఉండదు. కానీ బట్టను అప్పటికే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఆరేసి ఉంచుతారు. కరక్కాయలోని వగరుకు కసింలోని ఇనుము తగలగానే గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. అంటే సగం నలుపు కలంలో ఉంది, సగం బట్టలో ఉంది. మరి పాలెందుకు? పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. గీత గీసినచోటే నిలుస్తుంది.

ఎరుపు ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపేమీ కనిపించదు. ఆ తర్వాత ఎర్రరంగునిచ్చే చెక్కలు, వేళ్లు వేసి మరిగే నీళ్లలో బట్ట మొత్తాన్నీ వేస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు కుదురుకుంటుంది. మిగతాచోట అంటిన కాస్త రంగూ ఉతుకుల్లో పోతుంది. అందుకే ఈ పనికి పారే నీళ్లు కావాలి. శ్రీకాళహస్తికి స్వర్ణముఖి అలా కలిసొచ్చింది.

కలం సంగతి చెప్పకపోతే అన్యాయం. వెదురుపుల్ల కొన చెక్కి, కొనకు కొంచెం పైన ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో కడతారు. ఉండను రంగులో ముంచి, గీస్తూ వేళ్లతో నొక్కుతుంటే రంగు కొన దాకా దిగుతుంది. ఎంత నొక్కితే గీత అంత లావు. కంటి రెప్పకు ఒక నొక్కు, కిరీటం అంచుకు ఇంకో నొక్కు. ఆ కొలత వేళ్లకే తెలియాలి. చెదిరిపోతున్న ఈ విద్యను 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో మళ్లీ నిలబెట్టారు. ఆ తరం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారి అంటే చెక్క అచ్చులతో అద్దేది. అదీ చేతిపనే, అదీ అసలైనదే, దాని భౌగోళిక గుర్తింపు దానికి వేరే ఉంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచింది ఈ తీరం అద్దకపు బట్టల కోసమే. మన దేశపు పూల నూలు బట్టలు ఐరోపాలో ఎంతగా నచ్చాయంటే, అక్కడి నేతగాళ్లు గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో చట్టం చేసి ఒంటి మీద వేసుకోవడాన్నే నేరం చేసింది.

ఆన్‌లైన్లో 'కలంకారి ప్రింట్' అని రాసి ఉంటే ఆ రెండో మాటను ఆగి చదవండి. మిల్లులోనో స్క్రీనుతోనో కొట్టిన బట్ట చాలావరకు ఆ పేరుతోనే అమ్ముడవుతోంది. వెనకవైపు ఫొటో పెట్టమని అడగండి. చేత్తో గీసి మరిగించిన బట్టలో రంగు నూలులోకి దిగి వెనక్కి కూడా కనిపిస్తుంది. పైపైన కొట్టిన రంగు వెనకవైపు వెలవెలబోతుంది. గీతలన్నీ ఒకే లావున ఉంటే అనుమానించండి. ఇది చిన్న విషయం కాదు. నెలల పని చేసిన చీర పక్కనే, దాని పేరే పెట్టుకుని, పదోవంతు ధరకు ఇంకో చీర నిలబడితే కలం పట్టేవాడు ఎన్నాళ్లు నిలబడగలడు?

నాలుకతో పరీక్షించే మట్టి

బిద్రీ వస్తువు నల్లగా ఉంటుంది, దాని మీద వెండి పూలు మెరుస్తుంటాయి. ఆ నలుపు రంగు కాదు, పూత కాదు. పోత పోసేది ఎక్కువ పాళ్లు జింకు, కాస్త రాగి కలిపిన లోహం. దాని మీద సన్నని గాడులు చెక్కి, వాటిలో వెండి తీగెలు కొట్టి కూర్చి, ఆకురాయితో నున్న చేస్తారు. అప్పటికి లోహమూ వెండీ ఒకే రంగులో కలిసిపోయి పనితనం కనపడదు. చివర్లో కాస్త వేడిచేసి, బీదర్ కోటలోని మట్టినీ నవసాగరాన్నీ కలిపిన ముద్దతో రుద్దుతారు. లోహం నల్లబడిపోతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. అంతవరకూ దాక్కున్న పూలన్నీ ఒక్కసారి పైకి తేలతాయి. ఎండా వానా తగలని చోట, శతాబ్దాల తరబడి కోటలోపల పడి ఉన్న మట్టే దీనికి పనికొస్తుందంటారు. పనివాళ్లు చిటికెడు నాలుక మీద వేసుకుని రుచి చూసి మంచి మట్టి ఏదో చెబుతారు.

బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. అందుకే పాతబస్తీ ఇళ్లలో బిద్రీ పాన్‌దాన్, హుక్కా బుడ్డి తాతల నాటి సొత్తుగా కనిపిస్తాయి. ఇప్పుడు హుక్కా ఎవరికీ అక్కర్లేదు. అదే పనితనం చెవిదిద్దులకీ కోటు బొత్తాలకీ మారింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

తిరుగుతున్న కర్ర మీద లక్క

అదే 2023లో పద్మశ్రీ అందుకున్న ఇంకొకరు ఏటికొప్పాక సి.వి. రాజు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరి బొమ్మకు మూల పదార్థాలు రెండే: అంకుడు కర్ర, లక్క. కర్రను తరిణ మీద గిర్రున తిప్పుతూ రంగు కలిపిన లక్క పుల్లను దానికి ఆనిస్తారు. పొయ్యి లేదు, కుంచె లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రంతా పట్టేస్తుంది. చివరికి మొగలి ఆకు పట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రసాయన రంగులు వచ్చి పడ్డాక పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని మళ్లీ తెచ్చినవాళ్లలో రాజు ముఖ్యులు. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కదా, ఈ ఒక్క కారణం చాలు ఆ శ్రమ ఎంత విలువైనదో చెప్పడానికి. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఏటికొప్పాక బొమ్మలే.

చార్మినార్ పక్కన లాడ్ బజారులో మెరిసే గాజులకూ ఆధారం లక్కే. మెత్తబడిన లక్కను గుండ్రంగా తిప్పి, అది చల్లారేలోగా రాళ్లు ఒక్కొక్కటే చేత్తో పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇక ఆదిలాబాద్ డోక్రా. కుమురం భీం జిల్లా ఉషేగాం, కేస్లాగూడల్లోని ఓజా పనివాళ్లు మట్టి ముద్ద మీద మైనపు దారాలతో బొమ్మ అల్లి, పైన మళ్లీ మట్టి పట్టించి కాలుస్తారు. మైనం కరిగి పోగా మిగిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ తియ్యాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి అచ్చంగా అలాంటిదే రెండోది ఉండదు. 'ఫొటోలో ఉన్నట్టు లేదు' అని తిప్పి పంపేవాళ్లకు ఈ సంగతి తెలియాలి. మొహెంజొదారో నాట్యకత్తె విగ్రహాన్నీ సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందట ఇదే పద్ధతిలో పోశారు.

బంగారక్క ల్యాంపు

సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మలు మేకతోలువి. వెంట్రుకలు తీసి, గీకి గీకి వెలుతురు దూరేంత పలచగా చేస్తారు. నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నటి రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే అవే రవ్వలు. తెల్లవార్లూ రామాయణం ఆడుతూ, జనం కునికితే హాస్యపు బొమ్మలైన కేతిగాణ్నీ బంగారక్కనూ దించి నవ్వించిన ఆట అది. ఆటకు పిలుపులు తగ్గాక ఆ తోలే ల్యాంపు షేడైంది, గోడగడియారమైంది. దీపం వెనక నుంచి లోపలికి మారింది, రంధ్రాలు చేసే పని మాత్రం అదే. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

చిన్న సంగతులు ఇంకో రెండు. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగలోంచి తొలుస్తారు, ఏకాండి వీణ అంటారు. బహుమతిగా ఇచ్చే బుల్లి వీణలూ ఆ చేతులు చేసినవే. ఇక భోగి పిడకలు. అపార్ట్‌మెంట్లో ఆవు లేదు, పేడ లేదు, పిడక కొట్టే గోడ లేదు. దండలు గుచ్చి అట్టపెట్టెలో పంపిస్తున్నారు. ధనుర్మాసమంతా పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి రథసప్తమికి పాలు పొంగించిన ఇళ్లవాళ్లే చాలామంది వీటిని కొంటున్నారు.

లేసు ముక్కలో ఎవరి గంటలు?

నరసాపురం లేసు అమ్మే పేజీలో 'కాటన్' అని ఉంటుంది. సరుకు అంతే నిజం. ఒక కొక్కెపు సూది, ఒక దారపుండ. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి తీరంలో నేర్పిన ఈ అల్లికను నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఇంట్లో కూర్చునే అల్లుతారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలుపుతారు, మరొకరు దారమిచ్చి సరుకు పోగుచేస్తారు. టేబుల్ క్లాత్ విదేశం చేరేసరికి ఎవరు ఏ ముక్క అల్లారో ఎవరికీ తెలియదు.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఇక్కడికొచ్చి ఈ స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకమే రాసింది. ఆమె చూపించింది ఇదీ: వీళ్లు అల్లేది ప్రపంచ మార్కెట్ కోసం, గంటలకు గంటలు. కానీ 'ఇంట్లో ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పని' అని పేరు పెట్టడంతో కూలి కూడా ఆ లెక్కనే కట్టారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఊరి పేరు చెప్పి అమ్మవచ్చు, ధర పెంచి అడగవచ్చు. ఆ పెరిగిన ధరలో సూది పట్టిన మనిషికి ఎంత చేరుతుందో పేజీలో ఎక్కడా ఉండదు. అమ్మేవాళ్లకు సందేశం పంపే మీట అక్కడే ఉంటుంది. ఏ ఊళ్లో అల్లించారు, ముక్కకు ఎంత ఇచ్చారు అని దాని మీద నొక్కి అడగండి. కొన్ని సంఘాలు సంతోషంగా చెబుతాయి, కొందరు జవాబే ఇవ్వరు. ఎవరి దగ్గర కొనాలో తేల్చుకోవడానికి ఆ తేడా సరిపోతుంది.