గోడను నమ్మొద్దు... టేపును నమ్మండి!

పడగ్గది గోడ అలమరలో బట్టలకు అరలు నేనే బిగిద్దామని ఓ ఆదివారం రంపం పట్టాను. పైన కొలిస్తే సరిగ్గా మూడడుగులు. అదే కొలతకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నాలుగు ముక్కలు కోసేశా. పై అర చక్కగా కూర్చుంది. కిందివి దూరితేనా! సుత్తితో కొట్టి దూర్చబోతే గోడ పెచ్చు ఊడొచ్చింది. సిమెంటు పూసిన గోడ చూడ్డానికే నిటారు. అందుకే ఏ అరకు ఆ అర, ముందూ వెనకా విడిగా కొలవాలి. రెండు మిల్లీమీటర్లు తగ్గించి కోయాలి.

ఇంకోమాట. అర పొడవు రెట్టింపైతే, అడుగుకు అంతే బరువు పెట్టినా చెక్క మధ్యలో పదహారింతలు వంగుతుంది. కాబట్టి మూడడుగులు దాటితే నడుమ ఆధారం ఉండాల్సిందే.

ఊడిన పెచ్చంటారా? దాన్ని పూడ్చలేదు. మళ్లీ రంపం పట్టినప్పుడు గుర్తుండాలిగా!