వేటపటమును చూచు కన్ను

2017లో ఒక ఛాయాచిత్రము దేశదేశముల చేతి ఫోనులలో తిరిగినది. మూడు చీతాలు ఒక ఆఫ్రికా జింకను చుట్టుముట్టియున్నవి. ఒకటి దాని కంఠమును కరచి పట్టుకొన్నది. జింక పెనుగులాడక, తలయెత్తి ఎటో దూరమునకు చూచుచున్నట్లు నిలిచియున్నది. ఈ పటమునకు ఎవరో ఒక కథను జోడించినారు. ఆ జింక ఒక తల్లియట. పిల్లలు పారిపోవుటకై తన్ను తాను చీతాలకు అప్పగించుకొన్నదట. ఈ దృశ్యమును తీసిన ఛాయాగ్రాహకుడు మనోవ్యాధికి లోనైనాడట. చదివినవారు కంటతడి పెట్టి, తమవారికి పంపినారు.

నిజమునకు ఆ పటము తీసినది అలిసన్ బుట్టిజీజ్ అను వనిత, 2013లో, కెన్యాలోని మసాయ్ మరాలో. మనోవ్యాధియు లేదు, త్యాగమును లేదు. పెద్ద చీతా తన పిల్లలకు వేట నేర్పుచున్నదనియు, వానికింకను చంపుట చేతగాక ఆలస్యమైనదనియు, జింక భయముచే కొయ్యబారినదనియు ఆమె వెల్లడించినది. కనుక ఆ పటమున ఒక తల్లి యున్నమాట నిజమే. ఆ తల్లి చీతా.

ఇంతమంది ఆ కథనేల నమ్మినారు? లేడి కన్నులు పెద్దవి, నల్లనివి, తడిగా మెరయునవి. ఆ కన్నులను చూచి జాలి పడుట మనకు శిశువులను చూచి నేర్చిన అలవాటు. వేటమృగము కన్నులు ముఖమునకు ముందువైపున నుండి, సూటిగా మనవంకనే చూచుచున్నట్లు తోచును. మన కవులును ఆడుదానికి లేడికన్నుల నిచ్చినారు. మగవాని పరాక్రమమును పొగడవలసివచ్చిన పులియందుము. ఆ పులి నోట లేడి కనబడిన మాత్రము సహింపలేము!

పురాణకథకు ఈ చిక్కు లేదు. శిబిచక్రవర్తి కథలో పావురమునకు ప్రాణభయమున్నట్లే డేగకు ఆకలి యున్నది. డేగ తన ఆహారమును న్యాయముగా అడుగును. రాజును కాదనలేడు, తన మాంసమునే తూచి ఇచ్చును. కథకు కాలమున్నది, రెండు పక్షములను వినిపించగలదు. ఛాయాచిత్రమునకున్నది ఒక్క క్షణము. అంతకుముందు చీతా ఎన్నిమారులు పరుగెత్తి వట్టినోటితో మరలినదో, పొదలో పిల్లలెన్ని పూటలు పస్తున్నవో అందు కనబడదు. పులి వేటలలో తప్పిపోవునవే ఎక్కువ. తప్పిన వేటను పటముగా పంచుకొనువారు అరుదు.

చీతా మన ప్రాంతమునకు పరాయిది కాదు. 1952లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో కర్క్‌పాట్రిక్ అను ఆయన చిత్తూరు జిల్లాలో చీతా కనబడిన సంగతిని ప్రకటించినారు. అప్పుడీ జిల్లా మద్రాసు రాష్ట్రములోనిది. ఆ యేడే భారతదేశమున చీతా జాతి అంతరించినదని ప్రకటన వెలువడినది. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చినారు. వాని ఆహారమునకై చుక్కల జింకలను విడిచినారన్న వార్త వినినంతనే బిష్ణోయీలు నిరసన తెలిపినారు. నవంబరులో పెద్ద ఆవరణలోనికి విడిచిన రెండు చీతాలు ఒక్క దినము లోపుననే ఒక చుక్కల జింకను చంపినవి. అది శుభవార్తగా పత్రికలకెక్కినది. ఈ రెండు భావములలో ఏదియు కపటము కాదని మా అభిప్రాయము. ఒకరు జింకను చూచినారు, ఒకరు జాతిని చూచినారు.

మరి మన తిరుమల సంగతి? 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిన ఒక చిరుత ఆరేండ్ల బాలికను చంపినది. అటుపిమ్మట దారి పొడవున కెమెరాలు కట్టినారు, బోనులు పెట్టినారు, వరుసగా పలు చిరుతలు పట్టుబడినవి. మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిమ్మట పిల్లలను ఆ దారిన పోనీయలేదు, నడచువారికి చేతికఱ్ఱలిచ్చినారు. ఆ కెమెరాల పటములలో రక్తము లేదు, లేడియు లేదు. రాత్రివేళ తన త్రోవన తాను పోవు చిరుత మాత్రమే. అయినను నగరి, పుత్తూరు ప్రాంతముల నుండి బిడ్డలను వెంటబెట్టుకొని కొండకు నడచువారికి, ఆ వట్టి నడకపటము మసాయ్ మరా వేటకంటె భయంకరమైనది. అచ్చట మనము చూపరులము. ఇచ్చట మనమే లేళ్లము. చిరుతల నన్నింటిని కాల్చివేయవలెనన్న కోపము ఇందుండియే పుట్టినది. బోనులోని చిరుతను చూచి జాలిపడినవారిలో పలువురు ఆ మెట్లు ఎక్కవలసిన పనిలేనివారు.

కొండంచు పల్లెలలో మేకలను మేపుకొనువానికి ఈ రెండు ఉద్రేకములకును తీరిక తక్కువ. చిరుత ఉన్నదని అతడెరుగును. పొద్దు వాలగానే మందను తోలుకొనివచ్చి, తలలు లెక్కించి, దొడ్డికి ముళ్లకంప అడ్డము వేయును. ఒక తల తక్కువైన నాడు ఆ మేకను పటము తీయుటకు ఎవ్వరును రారు.